రాబర్ట్ క్లైవు: రాజ్యము, రోగము, నల్లమందు

విజేతల చరిత్రలు చదివేటప్పుడు మనం వారు చేసిన యుద్ధాలను, కుదుర్చుకొన్న సంధులను, కూడబెట్టిన ధనరాశులను లెక్కపెట్టుకొంటాము. వారి దేహాలు పడిన యాతనను సాధారణంగా లెక్కలోకి తీసుకోము. కాని దేహబాధ రాజును, కూలివానిని ఒకే తీరున పట్టి పీడిస్తుంది. నొప్పి కలిగినప్పుడు మనిషి దేనిని ఆశ్రయించాడు, ఆ ఆశ్రయం అతణ్ణి ఎక్కడకు చేర్చింది అన్నది కూడ చరిత్రలో భాగమే. ఈ దృష్టితో చూచినప్పుడు రాబర్ట్ క్లైవు జీవితం పాఠ్యగ్రంథాలలో మనం చదివిన దానికంటె భిన్నంగా కనిపిస్తుంది. ప్లాసీ విజేతగా లోకం ఎరిగిన ఆ వ్యక్తి తన జీవితంలో చాల భాగం రోగపీడితుడుగా, నల్లమందుకు అలవాటుపడినవాడుగా గడిపాడు.

క్లైవు మన ప్రాంతానికి పరాయివాడు కాడు. వంశధార సముద్రంలో కలిసే చోట వెలసిన కళింగపట్నం ఆనాడు శ్రీకాకుళం సర్కారులోని ఓడరేవు. ఆ సర్కారుకు రాజధాని శ్రీకాకుళం. ముస్లిం ప్రభువుల కాలంలో దానికి గుల్షనాబాదు అని పేరు. 1641లో గోలకొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ ఆ పట్టణంలో నిలిచి వుంది. గోలకొండ సుల్తానుల నుండి మొగలులకు, మొగలుల నుండి నిజాముకు, నిజాము నుండి ఫ్రెంచివారికి చేతులు మారిన ఈ తీరం చివరకు ఇంగ్లీషు కంపెనీ వశం కావడానికి మూలకారకులలో ముఖ్యుడు క్లైవు.

అతడు 1725 సెప్టెంబరు 29న ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలంలో, మార్కెట్ డ్రేటన్ సమీపాన గల స్టైచి అనే చోట జన్మించాడు. తండ్రి రిచర్డ్ క్లైవు న్యాయవాది. పాతకాలపు భూస్వామ్య కుటుంబమే గాని సంపద అంతంతమాత్రం; సంతానం అధికం. పెద్దకొడుకు రాబర్ట్ చదువుకంటె సాహసాన్ని, కలహాన్ని ఎక్కువగా ప్రేమించాడు. పదునెనిమిదేండ్లు నిండకముందే అతనికి ఈస్టిండియా కంపెనీలో గుమాస్తా ఉద్యోగం సంపాదించి 1743లో ఓడ ఎక్కించారు. ఆ ఓడ బ్రెజిలు తీరంలో నెలల తరబడి నిలిచిపోయి, మరుసటి సంవత్సరం మద్రాసు చేరింది. జీతం ఏడాదికి అయిదు పౌనులు. తెలిసినవారు లేరు, చేతిలో డబ్బు లేదు. మద్రాసులో ఆ ఒంటరితనాన్ని భరించలేక తుపాకితో ప్రాణం తీసుకోబోయాడనీ, అది రెండుసార్లు పేలలేదనీ ఒక ఐతిహ్యం వుంది. అది నిజమైనా కాకపోయినా, అతని స్వభావంలో విషాదం తొలినుండి వున్నదనే విషయంలో జీవితచరిత్రకారులకు భేదాభిప్రాయం లేదు. ఉత్సాహం పొంగినప్పుడు నిద్రాహారాలు మాని పనిచేసేవాడు. అది చల్లారినప్పుడు గదిలో ముడుచుకొని కూర్చునేవాడు.

1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకోగా, మారువేషంలో తప్పించుకొని కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటకు చేరాడు. అక్కడ కలము విడిచి కత్తి పట్టాడు. 1751లో సుమారు 500 మంది సైనికులతో ఆర్కాటు కోటను ఆక్రమించి, యాభై రోజులకు పైగా ముట్టడికి తట్టుకొని నిలిచాడు. అప్పటికి అతని వయస్సు ఇరవైయారేండ్లు. ఆ విజయం వెంట కీర్తి వచ్చింది, రోగమూ వచ్చింది. 1753లో మద్రాసులోనే మార్గరెట్ మాస్కెలిన్‌ను వివాహమాడి, ఆరోగ్యం చెడినవాడై స్వదేశం వెళ్ళాడు. రెండేండ్లలో తిరిగి వచ్చాడు.

1757వ సంవత్సరం తెలుగువారు మరచిపోలేనిది. ఆ జనవరిలో బొబ్బిలి కోట రక్తసిక్తమైంది. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు బొబ్బిలిని నాశనం చేయగా, తాండ్ర పాపారాయుడు ఆయనను శిబిరంలోనే హతమార్చాడు. అదే జనవరి ఆరంభంలో క్లైవు కలకత్తాను తిరిగి పట్టుకొన్నాడు. జూన్ 23న ప్లాసీలో సిరాజుద్దౌలాను ఓడించాడు. ఆ గెలుపులో యుద్ధంకంటె కుట్రకు పాలు ఎక్కువ. మీర్ జాఫరును నవాబును చేసినందుకు ప్రతిఫలంగా క్లైవు పొందిన ధనం 2,34,000 పౌనులు. ఏడాదికి అయిదు పౌనుల గుమాస్తాగా ఈ దేశంలో అడుగుపెట్టి అప్పటికి పదమూడేండ్లే అయింది. అటుపైన ఏటా సుమారు 27,000 పౌనులు వచ్చే జాగీరు కూడ లభించింది.

బొబ్బిలి యుద్ధం తరువాత విజయనగరం గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో తెగతెంపులు చేసుకొని, 1758లో విశాఖపట్నం పట్టుకొని, ఇంగ్లీషువారి సాయం కోరాడు. మద్రాసు వారు ముందుకు రాలేదు. బెంగాలులోని క్లైవు మాత్రం తన సహచరుల అభ్యంతరాలను తోసిపుచ్చి కర్నల్ ఫోర్డును సైన్యంతో ఓడలమీద విశాఖకు పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిలులో మచిలీపట్నం కోట పడిపోయింది. ఆరేండ్ల తరువాత, 1765 ఆగస్టు 12న, అలహాబాదులో మొగలు చక్రవర్తి షా ఆలం చేత క్లైవు బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీని వ్రాయించుకొన్నాడు. ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ వెలువడిన ఫర్మానాకూ అదే తేదీ. కళింగపట్నం రేవులో వలలు లాగుతున్న జాలరికి ఆ సంగతి తెలియనే తెలియదు. అతని ప్రభువు మారిపోయాడు.

ఇంతటి విజయాలను సాధించినవాని దేహస్థితి ఎట్లా వుండేదో ఇక చూడవలసి వుంది. భారతదేశంలో ఉండగానే క్లైవుకు కడుపులో విపరీతమైన నొప్పి వచ్చేది. అది పిత్తాశయంలోని రాళ్ళ వల్ల కలిగినదని తరువాతివారు నిర్ణయించారు. దానికి కీళ్ళవాతం తోడైంది. అన్నింటికి మించి మనోవ్యాకులత. నొప్పి వచ్చినప్పుడు అది కొన్ని గంటలో కొన్ని రోజులో వుండేది. తగ్గినప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తుందో అనే భయం వుండేది. 1766 చివర కలకత్తాలో జబ్బు ఎంత తీవ్రమైందంటే, ఆ ఉక్కుమనిషి చాలకాలం ఏ పనీ చేయలేకపోయాడు. 1767 ఆరంభంలో శాశ్వతంగా ఈ దేశం విడిచాడు. ఇంగ్లండులోని బాత్ నగరపు వేడినీటి ఊటలు, ఫ్రాన్సు యాత్రలు స్వల్పకాలపు ఉపశమనాన్నే ఇచ్చాయి. నిజంగా నొప్పిని అణచగలిగిన మందు ఆనాటి వైద్యుని పెట్టెలో ఒక్కటే వుంది. అది నల్లమందు.

గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి నల్లమందు అవుతుంది. దానిని మద్యంలో కలిపి లాడనం అనే పేరుతో ఐరోపా వైద్యులు ఇచ్చేవారు. అందులోని ప్రధాన ద్రవ్యమైన మార్ఫిన్‌ను జర్మను మందుల నిపుణుడు సెర్ట్యూర్నర్ వేరుచేసింది పంతొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో. కనుక క్లైవు కాలంలో మోతాదు అంటే చుక్కల లెక్క, ముద్దల లెక్క తప్ప మరొకటి కాదు. ఒక సీసా మందుకు, మరొక సీసా మందుకు బలంలో పోలిక వుండేది కాదు.

ఆనాటి వైద్యులకు ఈ మందులోని ప్రమాదం తెలియదా? తెలుసు. 1700 ప్రాంతంలోనే జాన్ జోన్స్ అనే ఆంగ్ల వైద్యుడు నల్లమందును పొగడుతూ గ్రంథం వ్రాసి, అందులోనే, చాలకాలం వాడినవారు హఠాత్తుగా మానితే కలిగే ఘోరయాతనను వర్ణించాడు. 1753లో, అంటే క్లైవు పెండ్లినాటి సంవత్సరంలోనే, జార్జ్ యంగ్ అనే మరో వైద్యుడు నల్లమందు మీద ప్రత్యేక గ్రంథం ప్రకటించి, దానిని విచక్షణ లేకుండా వాడడాన్ని తీవ్రంగా హెచ్చరించాడు. ఇంకా వెనుకకు పోతే, పదకొండవ శతాబ్దిలో అబూ అలీ ఇబ్నె సీనా తన వైద్యమహాగ్రంథమైన కానూనులో ఈ సమస్యను పరిశీలించాడు. నొప్పికి కారణాన్ని తొలగించేదే అసలైన చికిత్స అనీ, మొద్దుబరచే మందులలో నల్లమందు మిక్కిలి బలమైనదనీ, దానిని ఇచ్చేముందు నొప్పి వల్ల కలిగే హాని ఎక్కువా, మందు వల్ల కలిగే హాని ఎక్కువా అని వైద్యుడు తూచి చూడాలనీ ఆయన బోధించాడు. దీనిని బట్టి నొప్పిమందుల గురించిన వివాదం నిన్న మొన్న పుట్టింది కాదని తెలుస్తుంది.

క్లైవు విషయంలో ఈ త్రాసు ఎటు మొగ్గింది? ఒక్కొక్క నొప్పిని విడిగా చూస్తే, ఒక్కొక్కసారీ మందు ఇవ్వడమే న్యాయంగా తోస్తుంది. బాధతో మెలికలు తిరుగుతున్న మనిషికి, చేతిలో వున్న ఉపశమనాన్ని నిరాకరించే కఠినహృదయుడు వైద్యుడెట్లా అవుతాడు? కాని సంవత్సరాల మొత్తాన్ని ఒక్కటిగా చూస్తే లెక్క వేరు. నల్లమందు రాయిని కరిగించదు. ఆ రాయి కలిగించే బాధను మెదడుకు తెలియకుండా చేస్తుంది. వాడగా వాడగా దేహం దానికి అలవాటుపడి, నిన్నటి మోతాదు నేటికి చాలదు. మానబోతే ఒళ్ళునొప్పులు, నిద్రలేమి, కడుపులో బాధ, దిగులు కలుగుతాయి. అప్పుడు వచ్చిన నొప్పి జబ్బుదో, మందు లేని లోటుదో రోగికే తెలియదు. మరొక విశేషం కూడ వుంది. ఈ జాతి మందులు మలబద్ధకం కలిగిస్తాయి. పిత్తనాళం చివర వుండే కండరాన్ని ఒక్కొక్కప్పుడు బిగింపజేస్తాయి. ఏ కడుపునొప్పికి మందు పుచ్చుకొన్నాడో, ఆ నొప్పినే అది పెంచగల అవకాశం వున్నదన్నమాట. స్వభావసిద్ధమైన విషాదానికి ఇవన్నీ తోడైనాయి.

మందు ఒకవైపు అణచివేస్తుండగా లోకం మరొకవైపు అతణ్ణి బోనెక్కించింది. 1770లో బెంగాలును దారుణమైన కరువు కబళించింది. అప్పటికి క్లైవు ఇంగ్లండులోనే ఉన్నా, ఆ దేశాన్ని పీల్చి పిప్పిచేసిన పాలనకు పునాది వేసినవాడుగా ప్రజలు అతణ్ణే వేలెత్తి చూపారు. 1772, 1773 సంవత్సరాలలో పార్లమెంటు అతని సంపాదనపై విచారణ జరిపింది. అతడు పెద్ద మొత్తాలు పుచ్చుకొన్న మాట నిజమని అంగీకరిస్తూనే, దేశానికి గొప్ప సేవ చేశాడని తీర్మానించి విడిచిపెట్టింది. అది నిర్దోషిత్వమూ కాదు, శిక్షా కాదు. మీర్ జాఫరు తన మరణశాసనంలో వదలిన అయిదు లక్షల రూపాయలతో క్లైవు ఒక నిధి ఏర్పాటు చేసి, కంపెనీ కొలువులో అవిటివారైన సైనికులకు, వారి వితంతువులకు పింఛను కల్పించాడు. దేహబాధ ఎరిగిన మనిషి చేసిన పని అది. అతని ఖాతాలో ఇదీ వ్రాయవలసిందే.

1774 నవంబరు 22న, లండనులోని బర్కిలీ స్క్వేరులో వున్న తన ఇంటిలో, క్లైవు నలభైతొమ్మిదవ ఏట మరణించాడు. ఆ దినాలలో అతణ్ణి పాతనొప్పి తిరగబెట్టింది. దానికి నల్లమందు గట్టిగా పుచ్చుకొంటున్నాడు. చాకుతో ప్రాణం తీసుకొన్నాడని కొందరు, మందు మితిమీరి పోయాడని మరికొందరు వ్రాశారు. కుటుంబం నోరు విప్పలేదు. పుట్టిన ఊరి సమీపంలోని మోర్టన్ సే అనే పల్లెటూరి చర్చిలో, సమాధిరాయి కూడ లేకుండా పాతిపెట్టారు. ఒక ఉపఖండపు చరిత్రను మలుపు తిప్పినవాని సమాధిపై అతని పేరు లేదు.

విధివైపరీత్యం మరొకటి కూడ గమనించదగినది. ఏ బీహారు దివానీని క్లైవు సంపాదించిపెట్టాడో, ఆ బీహారులో పండే నల్లమందు వ్యాపారాన్ని 1773లో వారన్ హేస్టింగ్సు కంపెనీ గుత్తాధిపత్యం క్రిందకు తెచ్చాడు. పాట్నా పెట్టెలు సముద్రం దాటి చీనా చేరాయి. 1839లో మొదలైన యుద్ధం ఆ వ్యాపారం కోసమే జరిగింది. విజేతను కుంగదీసిన వస్తువే అతని వారసులకు ఖజానా అయింది. మన దేశంలోనూ నల్లమందు గ్రామాలలో గృహవైద్యంగా వుండేది. గంజాం, విశాఖ మన్యాలలో జ్వరానికి విరుగుడని నమ్మి వాడేవారు. అది మందా, మత్తా అని తేల్చడానికి 1893లో ఒక రాయల్ కమిషను కూర్చుంది. రెండేండ్లకు నివేదిక వచ్చింది గాని ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్న నేడు నడుమునొప్పి రూపంలో మన ముందుకు వచ్చింది. 1996లో అమెరికాలో ఆక్సీకాంటిన్ అనే బిళ్ళ అమ్మకానికి వచ్చిన తరువాత, క్యాన్సరు రోగులకు పరిమితంగా వుండిన ఈ జాతి మందులను నడుమునొప్పికి, కీళ్ళనొప్పికి విరివిగా వ్రాయడం ఆచారమైంది. లక్షలాది కుటుంబాలు దాని ఫలితం అనుభవించాయి. పిదప పరిశోధకులు మందులను త్రాసులో వేసి చూచారు. 2018లో అమెరికాలో నడుము, తుంటి, మోకాలి నొప్పులు దీర్ఘకాలంగా వున్న 240 మందిపై ఏడాదిపాటు జరిపిన పరీక్షలో, నల్లమందు జాతి మందులు మామూలు నొప్పిమందులకంటె ఏమాత్రం ఎక్కువ పనిచేయలేదు. 2023లో ఆస్ట్రేలియాలో, కొత్తగా నడుమునొప్పి, మెడనొప్పి వచ్చిన 347 మందిపై జరిపిన పరీక్షలో, మందు లేని ఉత్తి బిళ్ళకూ దానికీ ఆరువారాల తరువాత తేడా కనిపించలేదు. ఆ సంవత్సరాంతాన ప్రపంచ ఆరోగ్యసంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పికి ఈ మందులు తగవని సూచించి, వ్యాయామాన్ని, రోగికి అవగాహన కల్పించడాన్ని ముందుంచింది.

అయితే ఈ వాదానికి రెండవవైపు కూడ వున్నది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎంత కఠినంగా పనిచేసిందంటే, క్యాన్సరుతో విలవిలలాడే రోగికి సైతం మార్ఫిన్ దొరకడం దుర్లభమైంది. 2014లో చట్టాన్ని సవరించి కొంత సులభం చేశారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటిచోట్ల, అవసానదశలో వున్నవారికి నొప్పి లేని నిద్రను ఇస్తున్నది ఈ మార్ఫినే. శస్త్రచికిత్స తరువాత, ఎముక విరిగినప్పుడు దీని సాయం అమూల్యం. మందును నిందించి లాభం లేదు. ఎవరికి, ఏ నొప్పికి, ఎంతకాలం అన్నదే విచారించవలసిన విషయం. 2018లో మన ప్రభుత్వం ట్రమడాల్‌ను కూడ ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది ఈ విచారణ కోసమే.

మన తీరంలో నడుమునొప్పి ఎరుగని ఇల్లు లేదు. తెప్పను ఇసుకమీదకు లాగే మత్స్యకారునికి, బస్తాలు మోసే కళాసీకి, వంగి ఊడ్పులు ఊడ్చే స్త్రీకి అది కష్టార్జితంతో పాటు వచ్చే రెండవ కూలి. వారికి విశ్రాంతి తీసుకొనే వెసులుబాటు లేదు. రేపు పనికి పోకపోతే పొయ్యి వెలగదు. కనుక పూట గడిపే బిళ్ళ కోసం మందుల దుకాణానికి పోతారు. బిళ్ళ ఇచ్చి పంపడం తేలిక. బరువు తగ్గించడం, పనితీరు మార్చడం, నడుమును బలపరచే వ్యాయామం నేర్పడం, ఓపికతో వినడం కష్టం. క్లైవుకు ధనం వుంది, వైద్యులు వున్నారు, విశ్రాంతి వుంది. ఆనాటి శాస్త్రానికి మాత్రం మరో మార్గం తెలియదు. ఈనాటి శాస్త్రానికి మార్గం తెలుసు. మన కూలివానికి ఆ మార్గాన నడిచే వెసులుబాటు లేదు. ఈ రెండు లోటులలో రెండవది మనం తీర్చగలిగినది.

క్లైవును ధీరుడని కొలిచినవారు వున్నారు. దోపిడీదారుడని తిట్టినవారూ వున్నారు. ఈ దేశపు బిడ్డలుగా మనం రెండవ మాటకే దగ్గరగా వుంటాము. అయినా అతని పడకగదిలో జరిగినదానిని చూచి సంతోషించనక్కరలేదు. పరుల బాధను లెక్కచేయని మనిషికి తన బాధ దుర్భరమైంది. ఆ బాధను అణచిన మందు దాని మూలాన్ని తాకలేదు. విద్యార్థులు, ముఖ్యంగా రేపు వైద్యులు, మందుల దుకాణదారులు కాబోయేవారు, ఈ జీవితం నుండి నేర్వదగినది ఇది: నొప్పితో వచ్చినవానిని నొప్పితోనే తిరిగి పంపకూడదు, నొప్పి మరపించి, దానికి కారణాన్ని విచారించకుండానూ పంపకూడదు.